వెనక గోడ పైపు

"హనుమయ్యగారి పేరు మీద మా నీళ్లు పారబోస్తున్నది మీరే నాగేశ్వరమ్మగారూ. ఇంకెవరో కాదు, మీరే."

జ్ఞానమణి ఈ మాట చాటుగా అనలేదు. రెడ్డిగూడెం మామిడితోటల నుంచి కూలీలను తెచ్చిన షేర్ ఆటో ఇంకా రోడ్డు పక్కనే ఆగి ఉంది. అందులో మిగిలిన వాళ్లకీ, చలివేంద్రం పందిట్లో గ్లాసులు పట్టుకుని నిలబడిన వాళ్లకీ వినపడేటట్టే అంది. పందిట్లోకి అడుగు పెట్టకుండా ఎండలోనే నిలబడి అంది. తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి మెడ తుడుచుకుంది. పొద్దున్నుంచి కాయలు కోసిన చేతులవి. సొన కారి మణికట్ల దగ్గర చర్మం నల్లగా కమిలి ఉంది.

నాగేశ్వరమ్మ చేతిలో చెంబు వంగింది వంగినట్టే ఉండిపోయింది. ఎదుట ఉన్న పెద్దాయన గ్లాసు నిండిపోయి నీళ్లు ఆయన మోచేతి మీదుగా కారాయి. పందిరికి కట్టిన ఫ్లెక్సీలో ఆమె భర్త హనుమయ్య తెల్లచొక్కా వేసుకుని నవ్వుతున్నాడు. కింద ఎర్ర అక్షరాలతో 'జ్ఞాపకార్థం చలివేంద్రం'. ఆయన పోయిన దగ్గర్నుంచీ ప్రతి ఎండాకాలం ఇంటి ముందు ఈ పందిరి వేయిస్తుంది ఆమె. కుండలు తనే కడుగుతుంది. నీళ్లు తనే పోస్తుంది. తిరువూరులో చలివేంద్రాలు చాలానే ఉంటాయి గానీ ఇంట్లో తాగే ఆర్వో మిషన్ నీళ్లే కుండలకెత్తేది ఈమె ఒక్కతేనని ఆటోవాళ్లు చెప్పుకుంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆమెకి కడుపు నిండినట్టుండేది.

"ఏం మాటే అది? నేను నీళ్లు పోస్తుంటే పారబోస్తున్నానంటావేంటి?"

"పోసేది ముందు. పారబోసేది వెనక. మీ వెనక గోడలోంచి ఒక సన్న పైపు బయటికొచ్చింది, చూశారా ఎప్పుడన్నా? మీ మిషన్ ఇక్కడ ఒక కుండ నింపేలోపు అక్కడ నా గుమ్మం ముందు మూడు కుండలు పారతయ్యి. మిషన్ ఆపినా ఆగవు. మా వీధి ట్యాంకు కుళాయి తిప్పితే గాలొస్తంది. మీ బోరుకైనా మా బోరుకైనా అడుగున ఉన్నయ్యి ఒకటే నీళ్లు కదండీ. మీ కాంపౌండు గోడ అక్కడిదాకా కట్టలేదుగా."

ఆటోలోంచి ఒకామె తల బయటికి పెట్టింది. "మణక్కా, ముందు నీళ్లు తాగి ఆనక తిట్టు. గొంతన్నా తడుస్తది."

"తాగితే తిట్టలేనే."

పందిట్లో నవ్వారు. జ్ఞానమణి నవ్వలేదు.

"ఆయన తోటలో కాయ కోసినదాన్ని కాబట్టి అడుగుతున్నా. కుండ తొలిచిన నీళ్లు కూడా ఊరికే నేల మీద పోసేవాడు కాదు ఆ మనిషి. ఆయన బొమ్మ పైన కట్టి ఇదేం పనండీ?"

జవాబు కోసం ఆగకుండా తువ్వాలు భుజాన వేసుకుని ఇంటి పక్క సందులోంచి కింద వీధికి దిగిపోయింది. ఆటో కదిలింది. పెద్దాయన గ్లాసు బల్ల మీద పెట్టి, "నీళ్లు చల్లగా ఉన్నాయమ్మా," అని వెళ్లిపోయాడు.

ఇన్నేళ్లలో జ్ఞానమణి ఇక్కడ ఒక్కసారి కూడా నీళ్లు తాగలేదని నాగేశ్వరమ్మకి అప్పుడు తోచింది. రోజూ ఇక్కడే దిగుతుంది. ఎండలో నిలబడి తువ్వాలు దులుపుకుంటుంది. వెళ్లిపోతుంది.

సాయంత్రం కుండలు బోర్లించాక ఆమె ఇంటి వెనక్కి వెళ్లింది. అంట్లు తోమే గచ్చు, బట్టలుతికే బండ, ఓ మూల పాత సైకిలు. మోకాళ్లు నొప్పులు మొదలయ్యాక అటువైపు రావడమే మానేసింది. వంటింటి కిటికీ కింద నుంచి చిటికెన వేలంత లావు తెల్లపైపు దిగి, గోడలో బెజ్జంలోంచి అవతలికి పోయింది. ఆమె గోడకి చెవి ఆనించింది. నీళ్లు పడుతున్న చప్పుడు. వంటింట్లోకి వచ్చి చూస్తే మిషన్ మీద ట్యాంకు నిండినట్టు లైటు వెలుగుతోంది. స్విచ్చి తీసేసి మళ్లీ వెనక్కి వెళ్లింది. చప్పుడు ఆగలేదు.

"నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ అది ఆగగా చూళ్లేదు అత్తయ్యా," అంది కోడలు సుప్రజ, కిటికీలోంచి చూస్తూ.

"మరి చెప్పలేదే?"

"మిషన్ అంటే అంతేనేమో అనుకున్నా. మా పుట్టింట్లోనూ అంతే."

అందరిళ్లలోనూ అంతే. మిషన్ అమ్మినవాడు చెప్పడు. కొన్నవాడు అడగడు. కుళాయి తిప్పితే తియ్యటి నీళ్లు వస్తున్నంతకాలం పైపు రెండో కొస ఎక్కడుందో ఎవడిక్కావాలి? ఆ కొస ఎప్పుడూ వెనకే ఉంటుంది. ఇంకెవరి గుమ్మం ముందో ఉంటుంది.

కొడుకు శశాంక్ పురుగుమందుల కొట్టు కట్టేసి వచ్చాడు. జరిగింది విని చెప్పులు కూడా విప్పకుండానే తేల్చేశాడు.

"వాళ్లకి గుమ్మం ముందు బురదయిందని కోపం. నలుగురిలో నీళ్లూ భూమీ అంటే బాగుంటుందని అట్లా అంది. పైపు పొడుగు చేసి రోడ్డు మీద డ్రైనేజీలో కలిపేస్తే గొడవ వదిలిపోద్ది."

"అంతేనంటావా?"

"అంతే. నువ్వు చలివేంద్రం పెట్టి మాటలు కూడా పడాలా ఏంటి?"

పొద్దున్నే మనిషిని పిలిపించి తెల్లపైపుని పెద్ద పీవీసీ పైపులో దూర్చి, గోడ పొడుగునా లాగించి, రోడ్డు కాలవలో కలిపించాడు. బెజ్జానికి సిమెంటు మెత్తించాడు. నాగేశ్వరమ్మకి ప్రాణం తేలికపడింది. ఆదివారం కదా, చర్చి అయిపోయాక జ్ఞానమణి ఇంట్లో ఉంటుందని సంచీలో చిన్నరసాలు వేసుకుని, గోడ పట్టుకుని మెల్లగా సందు దిగింది.

కింద వీధి ఎండిపోయి ఉంది. నిన్నటి బురద అప్పుడే బీటలు తీసింది. వీధి మధ్య సిమెంటు దిమ్మ మీద నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు, దాని కింద కుళాయి, కుళాయి ముందు బిందెల వరస. చర్చికి కట్టుకున్న తెల్లచీరల్లోనే ఆడవాళ్లు కొంగులు దోపుకుని నిలబడ్డారు. నాగేశ్వరమ్మని చూసి మాటలు ఆపేశారు. వాళ్లల్లోంచి జ్ఞానమణి బయటికొచ్చింది.

"పైపు తీయించేశాను మణీ. ఇంక బురద ఉండదు," అని సంచీ చాపింది నాగేశ్వరమ్మ.

జ్ఞానమణి సంచీలోకి తొంగి చూసింది. "పొద్దస్తమానం కాయలే చూసి చూసి కళ్లు పసుపెక్కినయ్యి. ఆదివారం కూడా కాయలేనా తల్లీ." సంచీ అందుకుని పక్కనున్న పిల్లల చేతికిచ్చింది. తర్వాత ముఖం మారింది. "బురద గురించి అడిగానా నేను?"

"మరి?"

"బురదయితే రాయేసుకుని దాటతాం. నీళ్ల గురించి అడిగాను. ఇప్పుడు ఆ నీళ్లెటు పోతున్నయ్యి?"

"డ్రైనేజీలోకి."

"ఆగినయ్యా?"

నాగేశ్వరమ్మ పైనున్న తన గోడ వైపు చూసింది.

"నా కంటికి కనపడకుండా చేశారు. అంతేగా. నిన్నటిదాకా ఆ పైపు కింద బకెట్ పెట్టుకుని గచ్చన్నా కడుక్కునేదాన్ని. ఇప్పుడు అదీ లేదు." జ్ఞానమణి వెళ్లి కుళాయి తిప్పింది. కుళాయి ముక్కు చీదినట్టు చీది, గాలి వదిలి, ఓ చారెడు నీళ్లు ఉమ్మి, మళ్లీ గాలి వదిలింది. వరసలో ముందున్న బిందె అడుగు కూడా తడవలేదు.

"మోటారు కూడా ముసల్దయ్యింది, మన రావమ్మ లాగా దగ్గుతంది," అంది వెనకెవరో.

"నా దగ్గుకి ఇంతకంటే ఎక్కువే పడతది లేవే," అంది రావమ్మ అనే ముసలామె, బిందె మీద కూర్చునే.

అందరితోపాటు నాగేశ్వరమ్మకీ నవ్వొచ్చింది. నవ్వగానే సిగ్గేసింది. రాత్రి నుంచీ నోట్లో నలుగుతున్న మాట అడిగేసింది.

"నిన్న ఏదో అన్నావు. కుండ తొలిచిన నీళ్లు, అని."

జ్ఞానమణి కొంగుతో చేతులు తుడుచుకుంది. "మీకు తెలవదా? తోటలో మాకు కుండ ఆయనే మోసుకొచ్చేవాడు. పాలేరున్నా సరే, ఆయనే. సాలు చివర పెట్టి అందరం తాగిందాకా నిలబడేవాడు. కుండ ఖాళీ అయితే చెంబెడు నీళ్లు పోసి గిర్రున తిప్పి, ఆ నీళ్లు తీసుకెళ్లి కొత్త అంటు మొదట్లో పోసేవాడు. కాళ్లు కడుక్కున్నా అంటు మొదట్లోనే. మేం ఆట పట్టించేవాళ్లం, ఈ కాయ తింటే హనుమయ్యగారి కాళ్లు కడిగినట్టే అని."

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. నాగేశ్వరమ్మ నవ్వలేదు. కోతల రోజుల్లో ఆమె తోటకి వెళ్లిన మనిషి కాదు. క్యారేజీ కట్టి పంపించేది. సాయంత్రం ఆ మనిషి దుమ్ము కొట్టుకుని వచ్చి కుర్చీలో కూలబడేవాడు, కాయ ఎంత దిగిందో చెప్పేవాడు. ఈ సంగతులేవీ చెప్పేవాడు కాదు. ఆయన గురించి తనకి తెలియనిది ఇంకా మిగిలి ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. అది ఈ వీధిలో, ఈ బిందెల మధ్య ఇన్నేళ్లుగా ఉంది.

"ఇంకా ఏం చేసేవాడు?" అంది. ఒక అడుగు ముందుకి వేసింది. మళ్లీ అడిగింది. "ఇంకా ఏం చేసేవాడు మణీ ఆయన?"

జ్ఞానమణి ఆమె ముఖంలోకి చూసింది. తిట్టడానికి దాచుకున్న మాటలేవో పక్కన పెట్టింది కాబోలు, గొంతు తగ్గించి చెప్పింది.

"అందరికంటే ఆఖర్న తాగేవాడమ్మా. మిగిలితేనే."

నాగేశ్వరమ్మ తల ఊపింది. ఆమె చేతులు అనుకోకుండానే దగ్గరికొచ్చాయి. దణ్ణం పెట్టబోయి, పెడితే ఏమనుకుంటుందోనని, జ్ఞానమణి చెయ్యి పట్టుకుంది. సొనకి కాలిన చోట తగిలి జ్ఞానమణి చెయ్యి వెనక్కి లాక్కుంది. "మండుద్దమ్మా," అంది, కోపం లేకుండా.

నాగేశ్వరమ్మ ఫోన్ చేయిస్తే మెకానిక్ డానీ గంపలగూడెం నుంచి బండి మీద వచ్చాడు. వచ్చీరాగానే మిషన్ గోడ మీద నుంచి దించి వంటింటి గచ్చు మీద పాత దుప్పటి పరిచి దానిమీద పడుకోబెట్టాడు. ముందు ఫిల్టరు గిన్నె విప్పాడు. లోపల మట్టిని ఆపే నూలు క్యాండిలు బెల్లం రంగులో జిగటగా ఉంది. ఉప్పుని వడకట్టే మెంబ్రేన్ ఉండే పొడుగాటి గొట్టాన్ని కాళ్ల మధ్య ఇరికించి, రెండు చేతులతో మూత తిప్పి, ముక్కుపట్టకారుతో లోపలి చుట్టని బయటికి లాగాడు. కాగితం చుట్టలా ఉందది, ఒక చివర తెల్లగా గట్టిపడిన ఉప్పు. వేలితో గీకి నాగేశ్వరమ్మకి చూపించాడు.

"ఇది మూసుకుపోయిందమ్మగారూ. మంచినీళ్లు దిగవు, అన్నీ వేస్టులోకి పోతయ్యి. ఇదిగో ఈ ఆటోకట్ వాల్వు, ట్యాంకు నిండితే లోపలికొచ్చే నీళ్లని ఆపాల్సింది ఇదే. తెరుచుకుని బిగుసుకుపోయింది. కరెంటు తీసేసినా పైన ట్యాంకులో నీళ్లు దీంట్లోంచి తిన్నగా బయటికి పోతూనే ఉంటయ్యి."

"ఎప్పట్నుంచి?"

"అది నాకేం తెలుసండీ. మీరు నీళ్లు చప్పబడితేనే పిలుస్తారు. పారతంటే ఎవరూ పిలవరు." తర్వాత కాస్త తటపటాయించి, సన్న పైపు మధ్యలో ఉన్న వేలెడంత తెల్లముక్క ఊడదీశాడు. "దీన్ని రెస్ట్రిక్టర్ అంటారు. వేస్టు ఎంత పోవాలో ఇదే అదుపు చేసుద్ది. పెద్ద బెజ్జం ఉన్నది వేశాను. మీరే వెయ్యమన్నారు."

"నేనా?"

"చలివేంద్రం పెట్టిన కొత్తల్లో. నీళ్లు ఎంత పోతే మురికి అంత పోయినట్టే కదరా డానీ, ఎక్కువ వదిలిపెట్టు, తియ్యగా రావాలి అన్నారు. మీరే కాదులెండి, ఈ ఊళ్లో ప్రతివాళ్లూ అదే అడుగుతారు. గిన్నె కడిగినట్టే అనుకుంటారు. వద్దంటే ఇంకో మెకానిక్‌ని పిలుస్తారు. నేనూ వేసేస్తాను."

నాగేశ్వరమ్మ ఆ తెల్లముక్కని అరచేతిలో పెట్టుకుని చూసింది. తియ్యటి నీళ్లు పోసి పేరు తెచ్చుకోవాలనుకున్నది నిజమే. కొబ్బరినీళ్లలా ఉన్నాయమ్మా అని దారినపోయేవాళ్లు అంటే పొంగిపోయినదీ నిజమే.

"ఆపడానికి ఏం చెయ్యాలో చెప్పు."

డానీ వెనక్కి ఆనుకుని కూర్చుని మెకానిక్కులకి ఇష్టమైన పని మొదలుపెట్టాడు, వేలితో గచ్చు మీద బొమ్మ గీయడం. మొదటి మెంబ్రేన్ కొత్తది. దాన్నుంచి పోయే వేస్టుని బయటికి వదలకుండా రెండో మెంబ్రేన్‌లోకి తిప్పడం. అక్కడ మళ్లీ కొంత మంచినీళ్లు పిండటం. కొత్త ఆటోకట్ వాల్వు. చిన్న బెజ్జం రెస్ట్రిక్టర్. "అప్పుడు కుండకి కుండ. ఒకటి తాగేదానికి, ఒకటి వేస్టు. అసలే పోకుండా మాత్రం ఉండదండీ, ఆ ఉప్పంతా ఎటో అటు పోవాలిగా."

"పోయే కుండతో అంట్లు తోముకోవచ్చా?"

"అంట్లు, బట్టలు, గచ్చు, బాత్రూము. మొక్కలకి మాత్రం రోజూ వద్దు. ఉప్పు పేరుకుంటది." అతను లేచి చేతులు దులుపుకున్నాడు. "సామాను విజయవాడ నుంచి బస్సు పార్సిల్లో రావాలి. అందాకా మిషన్ లేదు."

"మరి చలివేంద్రం?"

"వాటర్ ప్లాంటు క్యాన్లు తెప్పిద్దాం," అన్నాడు గుమ్మంలోంచి శశాంక్.

డానీ నవ్వాడు. "ప్లాంటు వెనక ఎప్పుడన్నా చూశారా సార్? మీది పైపు. వాళ్లది కాలవ."

నాగేశ్వరమ్మ కుండలు బోర్లించింది. ఆయన పేరు మీద పందిరి వేశాక ఎండలు తగ్గకుండా పట్టపగలు కుండలు బోర్లించి ఉంచడం ఇదే మొదలు. మర్నాడు మధ్యాహ్నం ఆటోలు ఆగి, జనం పందిరి దాకా వచ్చి, కుండలు చూసి వెనక్కి పోతుంటే ఆమె తలుపు దగ్గరగా వేసుకుని లోపల కూర్చుంది. ఫ్లెక్సీలో ఆయన మాత్రం అట్లాగే నవ్వుతున్నాడు.

తలుపు మీద దబదబా కొట్టారు. జ్ఞానమణి.

"ఏంటండీ ఇది? నామీద కోపంతో మూసేశారా? రేపట్నుంచి ఆటోలో ప్రతివాడూ నీవల్లే నీళ్లు లేకుండా పోయినయ్యి మణక్కా అని నన్ను పీక్కుతినాలనా?"

"కోపం కాదే తల్లీ. లోపలికి రా. వచ్చి చూడు."

జ్ఞానమణి గుమ్మం దగ్గర ఆగింది. నాగేశ్వరమ్మ వెనక్కి తిరిగి, "రమ్మంటున్నానుగా," అంది. జ్ఞానమణి వచ్చి, దుప్పటి మీద విప్పి పెట్టిన ముక్కలూ, ఉప్పు గట్టిన చుట్టా చూసింది. నాగేశ్వరమ్మ డానీ చెప్పిందంతా, తను వెయ్యమన్న పెద్ద బెజ్జంతో సహా, దాచకుండా చెప్పింది.

"అంటే ఆగుద్దా?"

"ఆగుద్ది. నువ్వు అడగబట్టి. నువ్వు అడక్కపోతే నేను చచ్చేదాకా అది పారతానే ఉండేది, ఆయన పేరు మీద." ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది. "కుండలు బోర్లించాల్సొచ్చిందే అనే నా బాధ. అంతే."

జ్ఞానమణి తువ్వాలు భుజాన వేసుకుని సందు దిగిపోయింది.

తెల్లారి ముంగిలి ఊడుస్తున్న సుప్రజ, "అత్తయ్యా, ఒకసారి రండి," అని కేకేసింది. సందులోంచి ఆడవాళ్లు ఎక్కి వస్తున్నారు. చంకల్లో బిందెలు. ముందు జ్ఞానమణి, ఆఖర్న ఆయాసపడుతూ రావమ్మ, ఆమె చేతిలో బిందె కాదు, చిన్న స్టీలు క్యాను. పందిట్లోకి వచ్చి, అడక్కుండానే కుండలు తిరగేసి, మూతులకి తెల్లగుడ్డలు కట్టి, నీళ్లు వంచారు. గుడ్డలోంచి నీళ్లు సన్నగా చప్పుడు చేస్తూ దిగాయి.

"మీకే చాలట్లేదు కదే," అంది నాగేశ్వరమ్మ.

"తెల్లారగట్ట కాస్త వస్తన్నయ్యి. ఇంటికి కొంచెం తగ్గించుకున్నాం," అంది జ్ఞానమణి, గుడ్డ పిండుతూ. "ట్యాంకు నీళ్లే. పంచాయితీవాళ్లు బ్లీచింగు మందు కలిపినవే. మేం తాగేవే. మీ మిషన్ బాగయ్యిందాకా ఇవి పొయ్యండి. ఆయన కుండ మోశాడు, మేం మోయలేమా."

"నా క్యాను ముందు పోశానని చెప్పండి ఎవరన్నా అడిగితే," అంది రావమ్మ.

నాగేశ్వరమ్మ నిండిన కుండల వంక చూసింది. ఎవరి నీళ్లు తను పారబోసిందో వాళ్లు వచ్చి ఆమె కుండలు నింపారు. ఆమె చెంబు తీసుకుని ఒక కుండలో ముంచి, నిలబడే తాగింది. మిషన్ నీళ్లలా లేవు. కాస్త బరువుగా, మట్టికుండ వాసనతో, చిన్నప్పుడు తాగిన నీళ్లలా ఉన్నాయి.

మధ్యాహ్నం నాలుగిళ్ల అవతల ఉండే ప్రమీలారాణి గొడుగేసుకుని వచ్చింది. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. రోజూ బజారు నుంచి వస్తూ ఇక్కడ ఒక గ్లాసు తాగుతుంది. సగం తాగి ఆగింది.

"నీళ్లు మారాయేంటి వదినగారూ?"

"మిషన్ విప్పాం. కింద వీధి వాళ్లు తెచ్చి పోశారు."

ప్రమీలారాణి గ్లాసులోకి చూసింది. నాగేశ్వరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. పక్కన బెంచీ మీద ఆటో డ్రైవరు, "రుచిగా ఉన్నాయండీ ఇవాళ, ఇంకో గ్లాసు పొయ్యండి," అన్నాడు. ప్రమీలారాణి ఇంకో గుక్క తాగి, మిగిలింది బల్ల మీద పెట్టి, "ఎండ దంచేస్తోంది," అని గొడుగు విప్పుకుంది. ఆమె వెళ్లాక నాగేశ్వరమ్మ ఆ అరగ్లాసు తీసుకుని మెట్లు దిగింది. రోడ్డు పక్క ముళ్లకంప కట్టిన కానుగ మొక్క ఉంది. గ్లాసుని గిర్రున తిప్పి, ఆ నీళ్లు దాని మొదట్లో పోసింది. మోకాళ్లు కలుక్కుమన్నాయి. అయినా కాసేపు అక్కడే నిలబడింది.

పార్సిల్ వచ్చిన రోజు డానీ మధ్యాహ్నం దాకా పని చేశాడు. రెండు మెంబ్రేన్లూ పక్కపక్కన బిగించి, కొత్త పైపుల్ని బ్లేడుతో తిన్నగా కోసి, కొసలు తడిపి, బిగుసుకునేదాకా నొక్కి, ఒక్కోదాన్నీ లాగి చూశాడు. స్విచ్చి వేసి, మంచినీళ్ల పైపు కింద ఒక కుండ, వేస్టు పైపు కింద ఇంకో కుండ పెట్టాడు. నాగేశ్వరమ్మా, సుప్రజా, పనికి సెలవు పెట్టి వచ్చిన జ్ఞానమణీ గచ్చు మీద కూర్చుని చూశారు. రెండు కుండలూ ఇంచుమించు కలిసి నిండాయి. ట్యాంకు నిండాక టిక్కుమని వాల్వు పడింది. వేస్టు పైపు కొసన ఒక చుక్క వేలాడింది. పడింది. ఇంకో చుక్క రాలేదు.

జ్ఞానమణి పైపు కింద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. చెయ్యి పొడిగానే ఉంది.

"బాబూ, నీ చెయ్యి చల్లగుండాల," అంది డానీతో. తర్వాత రెండో కుండ వైపు చూసింది. "ఇంకా ఒకటి పోతందిగా."

"దీని సంగతే ఆలోచిస్తున్నా," అంది నాగేశ్వరమ్మ. "డానీ, ఈ పైపుని మళ్లీ వెనక్కి తీసుకెళ్లకు. ముందుకి లాగు. పందిట్లోకి."

గుమ్మంలో ఫోన్ చూసుకుంటున్న శశాంక్ తలెత్తాడు. "ఇంటి ముందు వేస్టు పైపు పెట్టుకుంటారా ఎవరన్నా? చూసినవాళ్లు నవ్వుతారమ్మా."

"నవ్వితే అడుగుతారు. అడిగితే చెబుతా. మీ నాన్న పేరు ముందుంది, పైపు కూడా ముందే ఉండాలి. వెనకున్నన్నాళ్లూ నేను చూశానా? నువ్వు చూశావా?"

శశాంక్ లోపలికి వెళ్లి డ్రిల్లు మిషన్ తెచ్చి డానీకిచ్చాడు.

పైపు వరండా గోడ వెంట వచ్చి, చలివేంద్రం బల్ల పక్కన, హనుమయ్య ఫ్లెక్సీ కిందనే కిందకి దిగింది. దాని కింద స్టీలు బిందె పెట్టారు. నిండినప్పుడల్లా కింద వీధి నుంచి ఎవరో ఒకరు వచ్చి, అంట్లకో బట్టలకో ఎత్తుకెళ్తారు, ఖాళీ బిందె పెడతారు. "ఇందువల్ల మా బోరు రేపే నిండిపోదు," అంది జ్ఞానమణి, మొదటి బిందె ఎత్తుకుంటూ. "కానీ తాగే నీళ్లతో గచ్చు కడిగే ఖర్మ తప్పింది. దేవుడు మీకు మేలు చెయ్యాల."

"నువ్వే చేశావు," అంది నాగేశ్వరమ్మ.

మర్నాడు రెడ్డిగూడెం ఆటో ఆగింది. జ్ఞానమణి దిగింది. ఎండలో నిలబడి తువ్వాలు దులుపుకుని, ఈసారి సందువైపు తిరగలేదు. పందిట్లోకి వచ్చి చెయ్యి చాపింది. నాగేశ్వరమ్మ గ్లాసు నింపి ఇచ్చింది. జ్ఞానమణి గటగటా తాగి, అడుగున మిగిలినవాటిని గిర్రున తిప్పి కానుగ మొక్కకి పోసొచ్చింది.

"ఇంక తిట్టలేవు మణక్కా," అంది ఆటోలో ఆమె.

"నిన్ను తిడతా, దిగు."

ప్రమీలారాణి గొడుగుతో వచ్చింది. గ్లాసు అందుకుంటూ, ఫ్లెక్సీ కింద పైపునీ, నిండుతున్న బిందెనీ చూసి ముఖం చిట్లించింది. "ఇదేంటి వదినగారూ, ఎదురుగా?"

"నేను పోసే ప్రతి గ్లాసుకీ ఇంకో గ్లాసు ఇట్లా పోతుంది. ఇదివరకు మూడు పోయేవి. మీ ఇంట్లోనూ మిషన్ ఉందిగా, పైపు ఎటు పోతుంది?"

"ఏమో. వెనకెటో."

"వెనక ఎవరున్నారు?"

ప్రమీలారాణి గ్లాసు పట్టుకునే తన ఇంటి వైపు తిరిగి చూసింది. నాగేశ్వరమ్మ చెంబు కింద పెట్టబోయింది. జ్ఞానమణి దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని, సొన మచ్చల చేత్తో కుండలో ముంచి, వరసలో ఉన్న డ్రైవరు గ్లాసు నింపింది. అతను తాగి, ఇంకోటి పట్టాడు. నాగేశ్వరమ్మ ఒక్క క్షణం ఆ చేతినే చూసి, మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగింది.

"డానీ ఇవాళ ఊళ్లోనే ఇంకో పని మీదున్నాడు, ఫోన్ చేస్తాను. మీ పైపు ఇవాళే ముందుకి తిప్పించండి. మీదే కాదు, ఈ రోడ్డు మీద మిషన్ ఉన్న ప్రతి ఇంటివాళ్లూ తిప్పాలి. ఆ ప్లాంటువాడు వాడి కాలవ కూడా గేటు ముందుకి తేవాలి. రెండో మెంబ్రేన్ లేకుండా, వాల్వు చూపించకుండా మిషన్ అమ్మే షాపుల ముందు నేనే వెళ్లి కూర్చుంటా, మణిని తీసుకుని. ఎండలు పోయాక కాదు. వానలొచ్చాక కాదు. ముందు మీ ఇల్లు. పదండి, వెనక గోడ చూపించండి."